రెక్కలు లేని మిడతను చదివిన కోల్‌మన్: గుత్తి మెట్ట రైతుకు ఆయన జీవితం నేర్పే పాఠం



ముంగారు వాన పడి మంచి పదును వచ్చిన రోజున గుత్తి చుట్టుపక్కల మెట్ట పొలాల్లో విత్తనం పడుతుంది. అదే పదునుకు మనం వేయని పంట ఒకటి మట్టిలోంచి లేస్తుంది. నిరుడు భూమిలో దాక్కున్న మిడత గుడ్లు పగులుతాయి. ఎర్ర గొంగళి పురుగు నిద్రావస్థ వదిలి రెక్కల పురుగుగా బయటికి వస్తుంది. వీటికి క్యాలెండరు తెలియదు, కార్తె తెలియదు. తెలిసింది వాన, వేడి మాత్రమే. వానలు ఒక ఏడు ముందుకు, ఒక ఏడు వెనక్కు జరుగుతున్న ఈ కాలంలో పురుగు రాకను పాత లెక్కతో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కను నూరేళ్లకు ముందే మన దక్కను మెట్టలోని ఒక మిడత దగ్గర నేర్చుకున్న శాస్త్రవేత్త ఉన్నారు. పేరు లెస్లీ చార్లెస్ కోల్‌మన్. మైసూరు వ్యవసాయ శాఖ తొలి డైరెక్టరుగా కర్ణాటక రైతులకు బాగా తెలిసిన మనిషి. ఆయన ఉద్యోగం మైసూరు సంస్థానంలో. గుత్తి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. కానీ ఆయన చదివిన మిడతకు ఆ సరిహద్దు లేదు. మైసూరు ఉత్తరపు జొన్న పొలాల్లోనూ, బళ్ళారి, అనంతపురం, కర్నూలు మెట్టల్లోనూ అది ఒకటే. అందుకే ఆయన జీవితం మనకూ పనికివస్తుంది. కాస్త ఓపికగా చదవండి. చివర ఈ ఏడాది మీ పొలంలో చేయాల్సిన పనులు కూడా ఉన్నాయి.

మంచు దేశం నుంచి మెట్ట నేలకు

కోల్‌మన్ 1878లో కెనడాలోని ఒంటారియోలో పుట్టారు. అక్కడ ఏటా కొన్ని నెలలు నేల మంచు కింద ఉంటుంది. ఆ చలికాలమంతా పురుగులు ఏదో ఒక దశలో నిద్రపోయి, ఎండలు రాగానే లేస్తాయి. ఆయన టొరంటో విశ్వవిద్యాలయంలో చదివి, తర్వాత జర్మనీలోని గొట్టింగెన్‌లో డాక్టరేటు చేశారు. నేలలోని సూక్ష్మజీవులు నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి ఎలా మారుస్తాయన్నది ఆయన తొలి పరిశోధన. అంటే మొదటి నుంచీ ఆయన చూపు మట్టి లోపల జరిగే సంగతుల మీదే ఉంది.

1908లో మైసూరు ప్రభుత్వం ఆయనను తెగుళ్లు, పురుగుల శాస్త్రవేత్తగా తెచ్చుకుంది. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్లు. మంచు దేశంలో పురుగు చలికి నిద్రపోతుంది. ఇక్కడ ఎండకు, కరువుకు నిద్రపోతుంది. చలి దేశపు పురుగును లేపేది వేడి. మన మెట్ట పురుగును లేపేది వాన. ఈ తేడా తెలియకుండా అక్కడి పుస్తకంలోని తేదీలను ఇక్కడి పొలానికి అతికిస్తే మందు వేళ తప్పుతుంది, ఖర్చు వృథా అవుతుంది.

జొన్న మిడత కథ

కోల్‌మన్ వచ్చేనాటికి దక్కను మెట్ట రైతుకు జొన్నే ముఖ్యమైన తిండి పంట. ఆ జొన్నను ఒక పచ్చటి మిడత తినేస్తోంది. కొర్ర, సజ్జను కూడా వదలదు. ఆయన పంపిన నమూనాల ఆధారంగా స్పెయిన్ దేశపు కీటక శాస్త్రవేత్త ఇగ్నాసియో బొలివార్ 1910లో ఆ మిడతకు శాస్త్రీయ నామం పెట్టారు. ఆ పేరులో కోల్‌మన్ పేరునే చేర్చి కోల్‌మానియా అన్నారు. 1911లో కోల్‌మన్ ఆ మిడత జీవితాన్ని వివరిస్తూ ఒక బులెటిన్ ప్రచురించారు.

ఈ మిడతకు ఎగరడానికి రెక్కలు లేవు. పెద్దదైనా గెంతడం, నడవడం తప్ప గాలిలో పోలేదు. దాని బతుకంతా దక్కను పీఠభూమిలోనే. ఏడాదికి ఒక్క తరమే. వర్షాకాలం చివర, పంట కోతల రోజుల్లో, తల్లి మిడత తోకను భూమిలో దించి గుడ్లను గుంపుగా పెడుతుంది. ఆ గుడ్లు చలికాలం, వేసవి అంతా మట్టిలోనే ఉంటాయి. జూన్ వానలకు నేల తడిసినాక పిల్ల మిడతలు బయటికి వస్తాయి. సరిగ్గా అప్పుడే జొన్న మొలక లేస్తుంది.

ఎగరగలిగిన పురుగు తిండి లేని చోటు వదిలి పోతుంది. ఎగరలేనిది పోలేదు, కాబట్టి ఆగుతుంది. ఏడెనిమిది నెలలు తిండి, నీరు లేకుండా గుడ్డు రూపంలో ఆగగలగడమే ఈ మిడత కరువుకు అలవాటు పడిన తీరు. కరువు సీమలో తరతరాలుగా బతికిన జీవి సంపాదించుకున్న విద్య ఇది.

ఈ విద్యలోనే దాని బలహీనత కూడా ఉంది. ఆగే పురుగు ఎక్కడ ఉందో మనకు తెలుసు. ఆ నెలలన్నీ అది కదలదు. వేసవిలో నేల దున్నితే గుడ్లు పైకి వచ్చి ఎండకు మాడిపోతాయి, పిట్టలకు దొరుకుతాయి. పిల్ల మిడతలు ఎగరలేవు కాబట్టి గుడ్డతో కుట్టిన పెద్ద సంచి వలలతో పొలంలో ఊడ్చి పట్టవచ్చు. అప్పట్లో చెప్పిన నివారణ పద్ధతులు ఇలాంటివే. రైతు చేతిలో ఉన్న నాగలి, గుడ్డ, మనుషులతో అయ్యే పనులు. ఒక రైతు చేసి పక్క రైతు మానేస్తే మాత్రం ఫలితం సగమే. పిల్ల మిడత గట్టు దాటి గెంతుకుంటూ వస్తుంది.

వక్కతోటలో వాన లెక్క

మలెనాడులో కోల్‌మన్‌కు దీనికి పూర్తిగా విరుద్ధమైన సమస్య ఎదురైంది. అక్కడ వాన ఎక్కువ. ఎడతెరిపి లేని ముసురులో వక్క గెలలు కుళ్లి రాలిపోయేవి. దాన్ని కొళె రోగం అంటారు. పురుగు కాదు, శిలీంద్రం. రైతులు అప్పటికే గెలలకు తొడుగులు కట్టి తడవకుండా కాపాడుకునేవారు. కోల్‌మన్ మైలుతుత్తం, సున్నంతో చేసే బోర్డో మిశ్రమాన్ని అక్కడ ప్రవేశపెట్టారు. అంత వానలోనూ మందు గెలకు అంటుకుని ఉండేలా జిగురు కలపడం మీద శ్రద్ధ పెట్టారు. నేటికీ వక్క రైతులు వానకు ముందే బోర్డో మిశ్రమం కొడతారు.

దీనిలో మనకు పనికివచ్చేది మందు పేరు కాదు, వేళ. తెగులు వానతో వస్తుంది కాబట్టి మందు వానకు ముందే పడాలి. మిడత వానతో లేస్తుంది కాబట్టి దున్నడం వానకు ముందే అయిపోవాలి. రెండు చోట్లా ఆయన ముందుగా కనిపెట్టింది శత్రువు గడియారాన్నే.

డైరెక్టరుగా 20 ఏళ్లు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరు దివానుగా ఉన్న కాలంలో, 1913లో వ్యవసాయ శాఖ ఏర్పడింది. కోల్‌మన్ దానికి తొలి డైరెక్టరు. ఆ ఏడాదే బెంగళూరు పక్కన హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల మొదలైంది. తర్వాతి కాలంలో అక్కడే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎదిగింది. 1925లో కాఫీ రైతుల కోసం బాళెహొన్నూరులో ప్రయోగ కేంద్రం వెలిసింది. కావేరి కాలువ నీళ్లు వచ్చే మండ్య ప్రాంతంలో వ్యవసాయ క్షేత్రం, చెరకు సాగు, 1933లో చక్కెర ఫ్యాక్టరీ వెనుక కూడా ఆయన కృషి ఉంది.

పురుగుల పనిని ఆయన ఒంటి చేత్తో చేయలేదు. ఆయన దగ్గర పనిచేసిన కున్హి కన్నన్ అనే భారతీయ శాస్త్రవేత్త తర్వాత మైసూరు కీటక విభాగానికి అధిపతి అయ్యారు. వరి మిడత, కాఫీ పొలుసు పురుగులు వంటి వాటిపై ఇద్దరి పేర్లూ కలిసి కనిపిస్తాయి. పై అధికారి మారినా పరిశీలన ఆగకూడదన్నది ఇందులోని నీతి. పురుగు గుట్టు ఒక్క ఏడాదిలో తేలదు. ఏటా రాసి పెట్టుకున్నవారికే తెలుస్తుంది.

1934లో పదవీ విరమణ చేసి ఆయన కెనడా వెళ్లిపోయారు. అక్కడా పరిశోధన మానలేదు. 1954లో, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పేరు మాత్రం దక్కను మెట్టలోని ఒక మిడత మీద నిలిచిపోయింది.

ఆయన తర్వాత మన మెట్టలో మారినది

కోల్‌మన్ నాటి జొన్న, కొర్ర పొలాలు మన జిల్లాలో క్రమంగా వేరుశనగకు చోటిచ్చాయి. ఒక దశలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో దాదాపు 20 లక్షల ఎకరాల్లో బుడ్డలే వేశారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేలలో ఇంత మేర ఒకే పంట పడితే, దాన్ని తినే పురుగుకు పండగే. జొన్న మీద బతికే ఎగరలేని మిడతకు తిండి దూరమైంది. వేరుశనగ మీద బతికే పురుగులకు తిండి దగ్గరైంది.

మారిన కాలానికి, మారిన పంటకు పురుగులు మూడు రకాలుగా సర్దుకుంటాయి. మీ పొలంలో ఏది ఏ రకమో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటి రకం, ఆగేవి. ఎర్ర గొంగళి పురుగు దీనికి మంచి ఉదాహరణ. గట్ల మీద, చెట్ల కింద మట్టిలో దాదాపు పది నెలలు నిద్రావస్థలో ఉంటుంది. గట్టి వాన పడిన కొద్ది రోజులకు రాత్రిపూట రెక్కల పురుగులు వస్తాయి. ఆకు అడుగున వందల గుడ్లు గుంపుగా పెడతాయి. వాన జూన్‌లో పడితే జూన్‌లో, జూలై చివర పడితే అప్పుడే లేస్తాయి. పామిడిలో ముందు వాన పడి గుత్తిలో పడకపోతే, రెండు ఊళ్లకూ పురుగు వేరు వేరు వారాల్లో వస్తుంది.

రెండో రకం, కదిలేవి. కత్తెర పురుగు అమెరికా ఖండాలది. దానికి నిద్రావస్థ లేదు. గడ్డకట్టే చలిని తట్టుకోలేదు. అమెరికాలో చలికాలం వెచ్చటి దక్షిణ ప్రాంతాల్లో గడిపి, వేసవిలో ఉత్తరానికి ఎగిరిపోతుంది. 2016లో ఆఫ్రికాలో, 2018 మే నెలలో కర్ణాటకలో కనిపించింది. కొన్ని నెలల్లోనే మన మొక్కజొన్న పొలాలకు చేరింది. ఏడాది పొడవునా వెచ్చగా ఉండే మన ప్రాంతంలో దాన్ని ఆపే చలి లేదు. మొక్కజొన్న, జొన్న ఏదో ఒకటి దొరికితే తరం మీద తరం పెంచుకుంటుంది. వేడి ఒక హద్దు వరకు పెరిగే కొద్దీ పురుగు తొందరగా ఎదుగుతుంది. అంటే అదే కాలంలో మరో తరం వచ్చే అవకాశం పెరుగుతుంది.

మూడో రకం, తోడు వెతుక్కునేవి. 2000 సంవత్సరం మనలో చాలామందికి గుర్తుంటుంది. అనంతపురం వేరుశనగలో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి 2 లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతింది. నష్టం రూ. 300 కోట్లు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామ కలుపు పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని వేరుశనగ ఆకు మీదికి తెచ్చి, ఆకును గీకినప్పుడు వైరస్ లోపలికి పోతుంది. తొలకరికి మొలిచిన వయ్యారిభామ పూతకొచ్చే వేళ, వేరుశనగ లేత వయసులో ఉంటే, మధ్యలో బెట్ట తగిలి తామర పురుగులు పెరిగితే, మూడూ కలిసి పంటను కూల్చేస్తాయి.

తరం మారితే పురుగూ మారుతుంది

వాతావరణానికి పురుగు అలవాటు పడడమంటే ఒక్కొక్క పురుగు తెలివి మీరడం కాదు. మీరు విత్తనానికి మంచి కంకులను ఎంచుకున్నట్టు, కాలం కూడా ఎంపిక చేస్తుంది. ఒక పొలంలోని పురుగులన్నీ ఒకే రోజు నిద్ర లేవవు. కొన్ని మొదటి వానకే లేస్తాయి, కొన్ని ఆలస్యంగా లేస్తాయి. మొదటి వాన తర్వాత నెల రోజులు బెట్ట పెడితే తొందరపడినవి తిండి లేక చస్తాయి. ఆగినవి బతికి గుడ్లు పెడతాయి. ఇలాంటి ఏళ్లు వరసగా వస్తే, ఆలస్యంగా లేచే గుణం ఉన్న పురుగుల సంఖ్య పెరుగుతుంది. వానలు ఒకలా ఉండే ప్రాంతంలో ఈ ఎంపిక ఒక తీరుగా, మరో ప్రాంతంలో మరో తీరుగా సాగుతుంది. ఒకే జాతి పురుగు రెండు ప్రాంతాల్లో రెండు వేళలు పాటించడానికి ఇదొక కారణం.

మందు విషయంలోనూ ఇంతే. ఒకే మందును పదే పదే కొడితే దానికి చావనివి మిగిలి పిల్లలు పెడతాయి. పురుగు తరం కొన్ని వారాలు. మన పంట కాలం కొన్ని నెలలు. ఈ పోటీలో మందు ఒక్కదానినే నమ్ముకుంటే పురుగుదే పైచేయి.

ముందు గుర్తుపట్టండి, తర్వాతే పిచికారీ

2020 మే నెలలో ఉత్తర భారతంలో ఎడారి మిడతల దండ్లు తిరుగుతున్నాయి. అదే సమయంలో మన జిల్లాలోని రాయదుర్గంలో జిల్లేడు మొక్కల మీద రంగురంగుల మిడతలు గుంపుగా కనిపించడంతో రైతులు భయపడ్డారు. శాస్త్రవేత్తలు చూసి అవి ఎడారి మిడతలు కావని, జిల్లేడు మీద బతికే స్థానిక మిడతలని తేల్చారు. ఎడారి మిడత రోజుకు వంద కిలోమీటర్లకు పైగా ఎగరగలదు. జిల్లేడు మిడత ముఖ్యంగా జిల్లేడునే తింటుంది. పేరు తెలియకుండా మందు కొడితే డబ్బు పోతుంది, మేలు చేసే పురుగులు కూడా పోతాయి. కోల్‌మన్ జొన్న మిడతకు ముందు పేరు పెట్టించి, దాని బతుకు తెలుసుకుని, ఆ తర్వాతే నివారణ చెప్పారు. ఆ వరుస నేటికీ సరైనదే.

గుత్తి మెట్ట రైతు చేయాల్సిన పనులు

- వేసవి దుక్కి: వేసవి జల్లు పడి నాగలి దిగే పదును రాగానే వాలుకు అడ్డంగా లోతుగా దున్నండి. గట్ల అంచులు, చెట్ల కింద భాగం వదలొద్దు. మట్టిలోని గుడ్లు, నిద్రావస్థలోని పురుగులు ఎండకు, పిట్టలకు బలవుతాయి.

- వాన తేదీ రాసుకోండి: ఒక నోటు పుస్తకంలో మొదటి గట్టి వాన తేదీ, రెక్కల పురుగు మొదట కనిపించిన తేదీ, పంట వయసు రాయండి. మూడు, నాలుగు ఏళ్లు రాస్తే మీ ఊరి పురుగు వేళ మీకే తెలుస్తుంది. పక్క జిల్లా తేదీలతో మీకు పని ఉండదు.

- దీపపు ఎరలు: విత్తే రోజుల్లో గట్టి వాన పడిన వెంటనే దీపపు ఎరలు పెట్టండి, లేదా గట్ల మీద జాగ్రత్తగా మంటలు వేయండి. ఎర్ర గొంగళి పురుగు రెక్కల దశలోనే పోతే ఒక్కొక్కటితో వందల గుడ్లు తప్పుతాయి. ఊరంతా ఒకే రాత్రుల్లో చేస్తేనే ఫలితం.

- గుడ్లు, పిల్ల పురుగుల ఏరివేత: జల్లెడలా మారిన ఆకుల అడుగున పిల్ల పురుగులు గుంపుగా ఉంటాయి. ఆ ఆకులు తుంచి నాశనం చేయండి. ఈ దశలో 5 శాతం వేప గింజల కషాయం పనిచేస్తుంది.

- కందకం: పురుగులు ఎదిగి పొలం నుంచి పొలానికి నడుస్తుంటే చేను చుట్టూ అడుగు లోతు, నిటారు గోడలతో కందకం తీయండి. జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు అక్కడక్కడా వేస్తే పురుగులు వాటి కిందకు చేరతాయి. అప్పుడు ఏరి చంపడం తేలిక.

- వయ్యారిభామ: పూతకు రాకముందే పీకేయండి. మీ చేను ఒక్కటే కాదు, గట్లు, దారి పక్కలు, బీళ్లు కూడా చూడండి. పీకేటప్పుడు చేతులకు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

- జొన్న అంచు: వేరుశనగ చుట్టూ కొన్ని వరుసలు జొన్న లేదా సజ్జ వేయండి. గాలితో వచ్చే తామర పురుగులకు, పుప్పొడికి అడ్డుగా నిలుస్తుంది. పశువులకు మేత కూడా దొరుకుతుంది.

- బెట్ట రోజుల్లో చేను చూడండి: వాన ఆగి ఎండ కాస్తే ఆకుముడత, తామర పురుగులు పెరుగుతాయి. వారానికి రెండుసార్లు చేను నాలుగు మూలలా, నడుమా నడిచి చూడండి.

- ఒకే పంట వద్దు: వేరుశనగలో కంది, అలసంద, ఆముదం వంటివి సాళ్లుగా కలపండి. వీలైన చేలో కొర్ర, జొన్నతో పంట మార్చండి. ఏ పురుగుకూ అన్ని ఏళ్లూ ఒకే తిండి దొరకనీయొద్దు.

- మందు మార్చండి: పురుగుమందు తప్పనిసరైతే దుకాణంలో ఇచ్చింది కాకుండా, గ్రామంలోని వ్యవసాయ సహాయకుడికి లేదా కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు పురుగును చూపించి, వారు చెప్పిన మందు, మోతాదు మాత్రమే వాడండి. కొత్త పురుగు కనిపిస్తే ఫోటో తీసి చూపండి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులో అడగవచ్చు.

వీటిలో చాలా పనులకు డబ్బు కన్నా వేళ ముఖ్యం. ఈసారి తొలి వాన పడిన సాయంత్రం మీ ఊరి రచ్చబండ దగ్గర నలుగురినీ కూర్చోబెట్టి, ఆ రాత్రి నుంచి దీపపు ఎరలు ఎవరెవరు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకోండి.